పిన్ని అని చెప్పించాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధం నా మీద ఉంది. నా నోటితో పలికింది కూడా కాదది. ఇంకొకరి చేత పలికించింది. ఎవరి నోట్లో మట్టి కొట్టడానికి ఆ అబద్ధం పనికొచ్చిందో, వాళ్ళ నోటితోనే చెప్పించాను. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో నాకెవరూ లేరు అనుకోవచ్చు, అది నిజమే. కాని ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి రాయగలుగుతున్నాను. పేరు పెట్టడం లేదని గమనించే ఉంటారు. ధైర్యం అంతవరకే వచ్చింది.

నేను బర్మాలో, లైంగ్‌థార్యార్ అనే చోట ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అక్కడ చొక్కాలు కుడతారు. నా పని కుట్టించడం కాదు, కాగితాలు. మిషను ముందు కూర్చున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఉందా, పని గంటలు సరిగ్గా రాశారా, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలో గోడ మీద బర్మా భాషలో రాసి అతికించారా, ఇవన్నీ చూస్తాను. చొక్కాలు కొనే దేశాల నుంచి తనిఖీకి మనుషులు వస్తే ఫైళ్ళు తీసి చూపించేది నేనే. కాగితం లేకుండా చేయించుకున్న పని దొంగసొత్తుతో సమానమని సూపర్‌వైజర్లకి చెబుతుండేవాణ్ణి. దుబాసీ ఆ మాటని బర్మాలోకి మారుస్తుంటే వాళ్ళు తలలూపేవాళ్ళు. మాట బాగా కుదిరిందని నాకే ముచ్చటగా ఉండేది.

కంపెనీ ఇచ్చిన ఇళ్ళలో ఉంటున్న నాలాంటి విదేశీయులం పదిమందిమి ఉండేవాళ్ళం. ఎవరింటికైనా వంటకో, బట్టలకో రోజుకి గంటో రెండు గంటలో మనిషి వస్తే, ఆ మనిషి పేరు, వచ్చే వేళలు, ఒప్పుకున్న పని ఒక ఫారంలో రాసి ఆఫీసులో ఇవ్వాలి. గంటల లెక్కన వచ్చే ఇంటి మనుషులకి ఇక్కడి చట్టం ఎంతవరకు వర్తిస్తుందో వకీళ్ళే తలో మాట అంటారు. అందుకని కంపెనీ తన నియమం తాను పెట్టుకుంది. ఫారం ఇస్తే, ఆ ఇంట్లో పని చేస్తుండగా దెబ్బ తగిలినా కంపెనీ బీమాతో మంచి ఆసుపత్రిలో వైద్యం చేయిస్తారు. ముందుగా ఫారం ఇవ్వకపోయినా, దెబ్బ తగిలిన రెండు రోజుల్లోగా ఉన్నదున్నట్టు చెబితే వైద్యం ఆపకూడదు.

ఆ ఫారం తయారుచేసింది నేనే. రెండు రోజుల వెసులుబాటు పట్టుబట్టి పెట్టించింది కూడా నేనే. దీపం కింద చీకటి అంటారు కదా, నా విషయంలో దీపం పట్టుకున్నవాణ్ణి కూడా నేనే.

ఆవిడ గురించి చెప్పాలి. సంచౌంగ్‌లో నా ఇంటి దగ్గరి బజారులో కలిసింది. నేను ఈ దేశం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. పెళ్ళయి విడిపోయినవాణ్ణి, పిల్లలు లేరు, ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఫ్యాక్టరీలో ఇంగ్లీషు, బస్సులో సైగలు, ఇంట్లో ఏమీ లేదు. ఒక్కోసారి వారం తిరిగేసరికి నేను ఒక్క తెలుగు ముక్కైనా పైకి అనలేదని గుర్తొచ్చేది. ఆ రోజు ఆకుకూరల గంప ముందు నిలబడ్డాను. ఇక్కడ చిన్‌బౌంగ్ అంటారు, తీరా చూస్తే అది మన గోంగూరే. ఆ మాట నాలో నేను అనుకున్నాననుకున్నాను, పైకి వినిపించినట్టుంది.

“గోంగూరంటావేటి బాబూ? తెలుగోడివా?” అని పక్కనుంచి ఒకావిడ అడిగింది.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నలభై ఏళ్ళవాణ్ణి, గోంగూర గంప దగ్గర. సిగ్గుపడ్డానా అంటే లేదు, సంతోషమే వేసింది.

ఆవిడ పేరు నూకాలు. గుర్తింపు కార్డులో మాత్రం డో మ్యా సాన్ అని బర్మా పేరు ఉంటుంది. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇదే ఊళ్ళో అహ్లోన్ పేటలోని బియ్యపు మిల్లుల్లో మూటలు మోయడానికి వచ్చాడట. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, చెల్లెలి కుటుంబంతో అహ్లోన్‌లోనే ఉంటుంది. మూడిళ్ళలో వంట చేసేది. నాకూ చేస్తావా అని అడిగితే పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర దాకా వస్తానంది. ఆదివారం మాత్రం తొమ్మిదికి. వంట ఒక్కటే, వేరే పనులు కావు అని మొదటి రోజే ఆవిడే చెప్పింది. నేను సరేనన్నాను.

విజయనగరం దగ్గర పుట్టినవాణ్ణి. మా వైపు మనకన్నా పెద్ద ఆడమనిషిని వరస లేకుండా పిలిస్తే తలపొగరు అంటారు. మొదటి రోజే పిన్నీ అన్నాను. ఆవిడ నవ్వి, సరే బాబూ అంది.

రెండో రోజు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇది నిజంగానే చేశాను, మీ ముందు మంచివాణ్ణనిపించుకోవడానికి రాయడం లేదు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. చదువు రాదు.

“పిన్నీ అన్నావు, మళ్ళీ కాయితమేటి?” అంది.

అంతే. నేను ఫారం మడిచి సొరుగులో పెట్టేశాను. ఆవిడ వద్దంది కాబట్టి అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఆ కాగితం దేనికో ఆవిడకి నేను చెప్పలేదు. ‘నీకు దెబ్బ తగిలితే ఇది నీకు అక్కరకొస్తుంది’ అన్న ఒక్క వాక్యం చాలు, సూపర్‌వైజర్లకి నెలకోసారి చెప్పే వాక్యమే. ఎందుకు చెప్పలేదు? బద్ధకమా? కొంత ఉంది. కాని తవ్వుకుంటూ పోతే ఇంకొకటి తగులుతోంది. కాగితం మీద రాస్తే ఆవిడ పనిమనిషి అయిపోతుంది, నేను రెండు గంటల వంటకి మనిషిని పెట్టుకున్న ఒంటరివాణ్ణి అయిపోతాను. నాకు పిన్ని కావాలి. పొద్దున్నే తలుపు తట్టి, రాత్రి ఏటి తిన్నావని అడిగే మనిషి కావాలి. ఆ వరసని అంత చవగ్గా దక్కించుకున్నాను.

ఏడాదిన్నర పైన అలా గడిచింది. ఆ రోజులు బాగున్నాయి, అది కూడా ఒప్పుకోవాలి. ఆవిడ గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండేది. మా అమ్మ ఎప్పుడూ అలా వండలేదు, అయినా ఇంటి వంటలాగే ఉండేది. వండుతూ మిల్లుల కబుర్లు, రేవు కబుర్లు చెప్పేది. బజారులో, కరెంటాఫీసులో, ఇంటి ఓనరు దగ్గర నా తరఫున బర్మాలో మాట్లాడేది. నాకు నోరు ఆవిడే అయ్యింది. ఏడున్నరకి ఆవిడ వెళ్ళిపోతే మళ్ళీ మర్నాటి ఐదున్నర దాకా ఇల్లు చప్పుడు లేకుండా ఉండేది.

ఇక ఆ ఆదివారం. మా పై అధికారి సోమవారం సాయంత్రం ఇంటికి టీకి వస్తానన్నాడు. మంగళవారం ఫ్యాక్టరీలో తనిఖీ. నా కాంట్రాక్టు ఇంకో మూడేళ్ళు పొడిగించాలా వద్దా అన్నది ఆ వారంలోనే తేలాలి. నేను ఇల్లంతా చూసుకుంటుంటే ఫ్యాను రెక్కల మీద మసి కనిపించింది. పిన్ని వంట ముగించి చెప్పులు వేసుకుంటోంది.

“పిన్నీ, ఒక్క పది నిమిషాలు, ఈ ఫ్యాను తుడిచేసి వెళ్ళు” అన్నాను.

వంటకని వచ్చే మనిషి అయితే, అది నేను ఒప్పుకున్న పని కాదు అనగలదు. మొదటి రోజు ఆ మాట చెప్పిన మనిషే కదా. పిన్ని ఎలా అంటుంది? చెప్పులు విప్పేసి వచ్చింది. కుర్చీ ఎత్తు చాలలేదు. దాని మీద ప్లాస్టిక్ పీట వేసింది నేనే. పట్టుకుంటానని పట్టుకోకుండా, ఫోన్ మోగితే పక్క గదిలోకి వెళ్ళింది కూడా నేనే. చప్పుడు వినిపించి వచ్చేసరికి నేల మీద ఉంది. కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. అరవలేదు. పళ్ళ బిగువున, ఫ్యాను సగమే అయ్యింది అంది.

టాక్సీలో సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలుసు. కంపెనీ బీమా వాళ్ళ నంబరు నా ఫోన్‌లో ఉంది, ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట చెయ్యాల్సిన ఫోన్ అదే. చేస్తే వాళ్ళే బండి పంపుతారు. కాని ఫోన్ చేస్తే మొదట అడిగేది ఫారం నంబరు. తనిఖీకి రెండు రోజుల ముందు, కాగితాల పెద్దమనిషి ఇంట్లోనే కాగితం లేని మనిషి ఫ్యాను తుడుస్తూ పడింది అని తెలిస్తే ఏమవుతుంది? టాక్సీలో ఇరవై నిమిషాలూ ఆవిడ మూలుగుతుంటే నేను ఆలోచించింది అది.

ఆసుపత్రిలో దెబ్బల విభాగం ముందు ఒక బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి. పాపం, మంచి పిల్లలాగే ఉంది. పిన్ని మొహం చూసి ముందు కూర్చోమంది. తరవాత పుస్తకం తెరిచి ఏదో అడిగింది. నాకు బజారు బర్మా తప్ప రాదు. ఎప్పటిలాగే పిన్ని వింది, ఎప్పటిలాగే నాకేసి తిరిగి తెలుగులో చెప్పింది. ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళో పట్టుకుని ఉంది.

“పనికాడ పడ్డావా, ఇంటికాడ పడ్డావా అంతంది. పనికాడయితే నీ పేరూ, మీ ఆపీసు పేరూ రాయాలంట. ఏటి సెప్పమంటావు బాబూ?”

“ఇంటి దగ్గరే అని చెప్పు.”

“మరి నువ్వు నాకేటవుతావంటే?”

“నువ్వు నా పిన్నివని చెప్పు. నన్ను చూసిపోదామని వచ్చావని చెప్పు. పనికి రాలేదని చెప్పు.”

ఆవిడ వెంటనే తిరగలేదు. నా మొహమే చూసింది.

“పనికి కాదనీసి సెప్పాలా?”

“అవును పిన్నీ.”

అప్పుడు ఆ అమ్మాయి వైపు తిరిగి బర్మాలో చెప్పింది. మెల్లగా చెప్పింది. అందులో ఒక్క మాట నాకు తెలిసింది, అడో. పిన్ని అనే. ఆ అమ్మాయి నాకేసి చూసి నవ్వి రాసుకుంది. పెద్దవాళ్ళని బాగా చూసుకునే మనిషి అనుకుని ఉంటుంది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒంటి మీద పాకుతుంది.

డాక్టరు ఎముక రెండు చోట్ల విరిగిందన్నాడు. ఆపరేషన్ చేసి ఎముకకి స్టీలు పలక వేస్తే మునుపటిలా అవుతుంది, ఇక్కడ దానికి చాలా వారాలు ఆగాలి, బయట చేయించుకోగలిగితే నాలుగు రోజుల్లోపు చేయించుకోండి అని ఇంగ్లీషులో నాకే చెప్పాడు. ఆవిడకి అర్థం కాలేదు. ఏటంటాడని అడిగింది. పట్టీ వేస్తాడట అన్నాను. అది రెండో అబద్ధం, దాన్ని మాత్రం నేనే చెప్పాను. సిమెంటు పట్టీ వేయించి అహ్లోన్‌లో వాళ్ళ చెల్లెలి ఇంటి దగ్గర దింపాను. సందు మొదటే దింపాను, లోపలికి వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ రెండు రోజుల గురించి. మీకు చెప్పాలని కూర్చున్నది దీని గురించే, మిగతాదంతా ఇక్కడికి రావడానికే. ఆసుపత్రి బల్ల దగ్గర భయంలో నోరు జారిందని అనుకోవచ్చు. భయంలో మనిషి ఏమైనా అంటాడు. కాని ఆ తరవాత నాకు రెండు రోజులు ఉన్నాయి. నేనే పెట్టించిన రెండు రోజులు. ఆదివారం సాయంత్రం చెప్పొచ్చు. సోమవారం పొద్దున్న ఆఫీసులో చెప్పొచ్చు. సోమవారం సాయంత్రం మా అధికారి నా ఇంట్లో కూర్చుని టీ తాగాడు, సగం తుడిచిన ఫ్యాను ఆయన నెత్తి మీద తిరుగుతోంది, ఆయన పైకి చూడలేదు. అప్పుడు చెప్పొచ్చు. సార్, నా దగ్గర పనిచేసే ఆవిడకి దెబ్బ తగిలింది, తప్పు నాది, వైద్యం చేయించండి. ఇంతే. ఆయన తిట్టేవాడు. బహుశా కాంట్రాక్టు పోయేది, బహుశా పోయేది కూడా కాదు. మంగళవారం తనిఖీ వాళ్ళు నా ఫైళ్ళు చూసి, ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక గోడ గడియారం చూశాను. పదకొండున్నర దాటింది. ఆదివారం ఆవిడ పడింది పదిన్నరకి.

గడువు దాటిందని తెలిశాక నాకేమనిపించిందో తెలుసా? తేలిక. ఇక చెప్పాలా వద్దా అన్న తగువు లేదు కదా అని. ఆ తేలికకి నన్ను నేను క్షమించుకోలేను.

చూడటానికి వెళ్ళలేదు. వెళితే చెయ్యి చూడాలి. రేపు వెళతాను, ఆదివారం వెళతాను అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తినడం మొదలుపెట్టాను. పొద్దున్న ఐదున్నరకి మాత్రం మెలకువ వచ్చేసేది, తలుపు వైపు చూస్తూ పడుకునేవాణ్ణి.

మూడు నెలలకి ఆవిడే వచ్చింది. ఆదివారం, తొమ్మిదికి. నాలుగంతస్తులు ఎక్కి వచ్చి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. మణికట్టు పక్కకి తిరిగి అతుక్కుంది. వేళ్ళు మూడు ముడుచుకోవడం లేదు. గరిటె పట్టలేకపోతోందట, మిగతా మూడిళ్ళూ వేరే మనిషిని పెట్టుకున్నారట. వాళ్ళ మీద కోపంగా కూడా చెప్పలేదు. ఎడమచేత్తో కూరలు తరగడం నేర్చుకుంటోందట, నెమ్మదిగానైనా నా ఒక్కడికీ వండగలనేమో చూడమంది. నాకు క్యాంటీన్ అలవాటైపోయింది పిన్నీ, ఇబ్బంది పడకు అన్నాను. ఆ చేతిని రోజూ నా ఇంట్లో చూడలేక అన్నాను. ఆవిడకి మాత్రం, పనికిరావు అని చెప్పినట్టే వినిపించి ఉంటుంది. లోపలికి రమ్మని కూడా అనలేదు.

సరే అంది. రెండు మెట్లు దిగి ఆగింది.

“పిన్నినని ఆ బల్లకాడ సెప్పించావు గదా బాబూ. పిన్నినయితే ఒక్కపాలైనా సూడ్డానికి రావా?”

అని, జవాబు కోసం ఆగకుండా గోడ పట్టుకుని దిగిపోయింది.

అర్థమైందా మీకు? ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. చూడటానికి రాలేదేమని. కంపెనీ బీమా ఉందని ఆవిడకి తెలియదు. డాక్టరు చెప్పిన ఆపరేషన్ సంగతి తెలియదు. రెండు రోజుల సంగతి తెలియదు. సొరుగులో మడిచిన కాగితం దేనికో ఇప్పటికీ తెలియదు. చెయ్యి అలా అతుక్కోవడం తన కర్మ అనుకుంటోంది, నా తప్పల్లా పలకరించకపోవడమే అనుకుంటోంది. ఆ చిన్న తప్పుని ఒప్పుకున్నవాడిలా తల వంచుకుని నిలబడి, పెద్దదాన్ని దాచుకున్నాను. పనిమనిషి అని ఒప్పుకుంటే ఆవిడకి దక్కాల్సినది ఒకటుంది. పిన్ని అని ఒప్పుకుంటే దక్కాల్సినది ఇంకొకటుంది. రెండూ ఎగ్గొట్టడానికి ఒకే మాట వాడాను, అదీ ఎంతో ప్రేమగా పిలిచే మాట.

కాంట్రాక్టు మూడేళ్ళు పొడిగించారు, ఆ తరవాత మళ్ళీ పొడిగించారు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. ఆవిడా అహ్లోన్‌లోనే ఉంది. సంచౌంగ్ నుంచి నడిచినా ఎంతో దూరం కాదు. ఒకసారి బస్సులోంచి చూశాను, గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో ఏదో ఏరుతోంది. బస్సు ఆగింది. నేను దిగలేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. నూకాలు అనే ఆవిడ నాకు పిన్ని కాదు. రోజుకి రెండు గంటలు నా ఇంట్లో పని చేసింది. ఒప్పుకోని పని నేను చెప్పి చేయిస్తే, నేను వేసిన పీట మీద నుంచి పడింది. చెయ్యి బాగయ్యే దారి నాకు తెలుసు, రెండు రోజులు నోరు మూసుకున్నాను.

ఆవిడకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇది ఆవిడకి చేరాలంటే నేనే వెళ్ళి చదివి వినిపించాలి. వినిపిస్తానని మీకు మాట ఇవ్వను, ఇచ్చిన మాటల సంగతి చూశారు కదా. చదవలేదని తెలిసే ఇంత ధైర్యంగా రాశానా? అయ్యుండొచ్చు. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తిన్నగా ఆడుతోంది. ఆవిడ చెయ్యి అలాగే ఉంది.